పీర్లవారి తరుగు

పోయిన వారం సుధన్వను ప్రొద్దుటూరు బస్టాండులో, ఒక కాలు జమ్మలమడుగు బస్సు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టించి వదిలేశాం. పాపం, వారం రోజులు అట్లాగే నిలబడ్డాడు. మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. పులివెందుల కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా ఉన్న సుధన్వకు, అదే ఊళ్ళో ఉండే మనోహరాచారి కూతురు కౌముదితో పెళ్లి కుదిరింది. ఇంకా పద్దెనిమిది రోజులుంది. పిల్ల నచ్చింది, పిల్లకు వీడూ నచ్చాడు. తంటా అంతా ఇంటిపేరు దగ్గర వచ్చింది. వీళ్ళది ప్రొద్దుటూరు కంసాలి వీధిలో తరాల నుంచి కొలిమి వెలిగిస్తున్న ఇల్లు. ఇంటిపేరేమో 'పీర్ల'. మొహర్రంలో ఎత్తుకుని ఊరేగే పీర్లు ఉన్నాయే, అవే. "మీరు సాయిబులా?" అని బళ్ళో అడిగారు, హాస్టల్లో అడిగారు. విజయవాడలో ఇల్లు అద్దెకివ్వబోయిన పెద్దావిడ పేరు విని, ఇచ్చిన తాళంచెవి మళ్ళీ అడిగి తీసుకుని కొంగున ముడేసుకుంది. ఇప్పుడు మనోహరాచారి చుట్టాలు అడుగుతున్నారు. జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టిన సుధన్వ, 'స్వర్ణ' అని కొత్త ఇంటిపేరొకటి ఎంచుకుని గెజెట్ కాగితాలు తయారు చేసుకున్నాడు. తాత విశ్వేశ్వరయ్య ఔననలేదు, కాదనలేదు. "నాతో ఒక్కసారి జమ్మలమడుగుకు రా. చాంద్‌బీ అక్కను చూసి వచ్చినాంక నీ ఇష్టం" అన్నాడు.

సరే, ఇక వాణ్ణి బస్సెక్కిద్దాం.

తాతకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్ళో ఖాకీ గుడ్డసంచి ఉంది. "ఇట్లియ్యి తాతా, పైన పెడతా" అని సుధన్వ రెండుసార్లు అడిగాడు. "వద్దులే, బరువేం లేదు" అని రెండుసార్లూ ముసలాయన దాన్ని ఇంకాస్త పొట్టకు అదుముకున్నాడు. అందులో కుంకుడుకాయలు, మెత్తటి నూలుగుడ్డ, కుంచె ఉంటాయని సుధన్వకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏటా మొహర్రం నెలవంకకు రెండు మూడు రోజుల ముందు తాత వెళ్ళి, చాంద్‌బీ ఇంట్లో ఉన్న పీర్లను కడిగి తోమి వస్తాడు. కూలి ముట్టడు. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగడు. ఎందుకని అడిగితే "మా నాయన చెప్పినాడు" అంటాడు. ఆ మాట తర్వాత ఇంకో మాట ఎప్పుడూ రాలేదు.

"తాతా, మన పత్రికల మ్యాటర్ ప్రెస్సుకు ఎప్పుడిస్తాం? ఏ పేరు వేయాల్నో తేల్చాల గదా. పద్దెనిమిది దినాలే ఉండాది."

"చూస్తాంలే రా. ముందు ఈ పని కానీ."

అబద్ధం చెప్పడం చేతగాని మనిషికి కిటికీ ఉండటం ఎంత వరమో విశ్వేశ్వరయ్యను చూసి నేర్చుకోవాలి. ఆయన జమ్మలమడుగు దాకా బయటికే చూశాడు. సుధన్వకు మాత్రం అనుమానం రాలేదు. తాతకు మనసు కష్టంగా ఉందనుకున్నాడు, అంతే. ఆ కష్టానికి కారణం తనేనని తెలుసు కాబట్టి తను కూడా మాట్లాడలేదు.

డెబ్భై తొమ్మిదేళ్ళ విశ్వేశ్వరయ్యను ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో 'తరుగు తీయని ఆచారి' అంటారు. నగ చేసేటప్పుడు ఆకురాయి పెట్టినచోట, కోసినచోట పొడి రాలుతుంది. అదే తరుగు. అది కంసాలి హక్కు, దొంగతనం కాదు. అయినా లోకం ఊరుకోదు కదా, తల్లి ముక్కెర చేసినా కంసాలి తరుగు తీయక మానడని సామెత కట్టింది. విశ్వేశ్వరయ్య మాత్రం ఒళ్ళోగుడ్డ దులిపి, పడిన పొడిని పొట్లం కట్టి, నగతో పాటు ఆసామి చేతికిచ్చేవాడు. మెచ్చుకుంటే తల వంచుకునేవాడు. అది వినయమని అందరూ అనుకున్నారు. మనవడూ అట్లాగే అనుకున్నాడు.

* * *

చాంద్‌బీది పెద్దకుంటపల్లె. గండికోట దగ్గర కట్టిన ఆనకట్ట వెనక నీళ్ళు నిలిచినప్పుడు ఊరు మునిగిపోయింది. మనుషులు తలా ఒక దిక్కుకు పోయారు. కొందరికి జమ్మలమడుగు బయట కాలనీలో స్థలాలిచ్చారు. పీర్లు కూడా మనుషులతో పాటే ట్రాక్టరెక్కి వచ్చాయి. పీర్ల చావిడి కట్టుకునే స్తోమత ఇంకా లేక, చాంద్‌బీ కొడుకు అమీర్ బాషా తన ఇంటి పక్కనే రేకుల గది ఒకటి వేసి, అందులో పెట్టెలో భద్రంగా ఉంచాడు. తరతరాలుగా పీర్లను చూసుకునే ముజావర్లు వాళ్ళు.

అమీర్ బాషా పండగ సామాన్ల కోసం వేంపల్లె వెళ్ళాడు. ఇంట్లో చాంద్‌బీ, ఆమె మనవడి భార్య తస్లీమా ఉన్నారు. మనవడు నయీం కువైట్‌లో ఉన్నాడు.

"ఎవురది, విశ్వమేనా?" గడప దాటకముందే చాంద్‌బీ అడిగింది. ఎనభై నాలుగేళ్ళు. కళ్ళు మసకబారాయి కానీ ముక్కూ చెవులూ ఇంకా ఇంటి కాపలా కాస్తున్నాయి. "కుంకుడుకాయ వాసన వస్తాంటేనే అనుకున్యా. ఎనకాల ఎవురు?"

"మనవడు అక్కా. సుధన్వ."

"దగ్గరికి రా నాయనా." ఆమె వాడి మొహమంతా అరచేత్తో తడిమింది. "ముక్కు వాళ్ళ నాయనదే. పెండ్లి కొడుకు గదా, ఇంత చిక్కిపోయినావేంది?"

తస్లీమా మంచినీళ్ళు తెచ్చింది. సుధన్వ తాగాడు. విశ్వేశ్వరయ్య ఎప్పటిలాగే "వద్దులే తల్లీ" అన్నాడు. తస్లీమా గ్లాసు తీసుకుని మారుమాట లేకుండా లోపలికి వెళ్ళిపోయింది. అలవాటైపోయింది వాళ్ళకు.

రేకుల గది చల్లగా లేదు గానీ శుభ్రంగా ఉంది. కాళ్ళూ చేతులూ కడుక్కుని తాతామనవళ్ళు చాప మీద కూర్చున్నారు. తస్లీమా పెట్టె మూత తీసి, ఆకుపచ్చ గుడ్డ విప్పి, పెద్ద పీరును వాళ్ళ ముందు పెట్టింది. వెండిది. చెయ్యి ఆకారం, అయిదు వేళ్ళు, అరచేతిలో సన్నటి తీగపని. సుధన్వ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కంసాలి ఇంట్లో పుట్టినవాడు కాబట్టి, చూడగానే చెయ్యి తిరిగిన పని అని మాత్రం తెలిసింది.

తాత కుంకుడు నురగలో కుంచె ముంచి తోమడం మొదలుపెట్టాడు. చేతులు వణుకుతున్నాయి. పీరు మీద చెయ్యి పడగానే వణుకు ఆగిపోయింది. అది చూసి సుధన్వకు అడగబుద్ధి కాలేదు. అయినా వచ్చిన పని వచ్చిన పనే.

"అవ్వా, నేనొక మాట అడగాలని వచ్చినా. మా ఇంటిపేరు పీర్ల అని ఎట్ల వచ్చింది?"

చాంద్‌బీ నోరు తెరవబోయింది. విశ్వేశ్వరయ్య కుంచె పక్కన పెట్టాడు.

"నేను చెప్తా అక్కా. తప్పు మాది. మా నోటితోనే రావాల." ఆయన మనవడి వైపు చూడలేదు, పీరునే చూస్తూ చెప్పాడు. "పీర్లు చేసినోళ్ళం కాబట్టి ఆ పేరు వచ్చిందని నీకు చిన్నప్పుడు చెప్పినా గదా. చేసిన మాట నిజమే. మా తాత పోతులూరయ్య, ఇదో, దీన్ని చేసినాడు. చేసి, దీంట్లోనే వెండి తీసి మొలలో దోపుకున్యాడు. పట్టుబడినాడు. ఊరంతా పీర్లదొంగ అనింది. పోను పోను దొంగ అనే మాట అరిగిపోయి, పీర్ల అనేది మిగిలింది. మా నాయన పోయే ముందర నా చెయ్యి పట్టుకోని చెప్పినాడు. 'మనం పీర్ల సొమ్ము తిన్నోళ్ళం రా. తరుగు తీయొద్దు. ఏటా పోయి కడిగి రా. ఆ ఇంట్లో నీళ్ళు కూడా తాగొద్దు, మనకు ఆ యోగ్యత లేదు' అని."

సుధన్వ ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ పేరు తనకు ఎవరో అంటించిన పొరపాటు అనుకున్నాడు. తాత దాన్ని ఇన్నేళ్ళు ఇట్లా మోశాడని ఊహించలేదు. అంగళ్ళ వీధిలో మెచ్చుకున్నప్పుడల్లా ఆయన తల ఎందుకు వంచుకున్నాడో ఇప్పుడర్థమైంది.

"నాకు ముందే ఎందుకు చెప్పలే తాతా?"

"నీకు నామీద ఉండే మర్యాద పోతాదని. అది నీ నాయనకు కూడా చెప్పలే. నువ్వు పేరు మార్చుకుంటానంటే కాదనేకి నాకు నోరెట్ల వస్తాది? దొంగ పేరు వదిలించుకుంటానంటే వద్దనేదెట్ల?"

 చాంద్‌బీ నవ్వింది. గట్టిగా కాదు, పిచ్చిపిల్లల్ని చూసి నవ్వినట్టు.

"ఇంతేనా విశ్వం? మీ ఇంట్లో ఇంతే చెప్పుకున్యారా?"

"ఇంకేముండాది అక్కా?"

"సగం కూర వండి, సగం పొయ్యిలో పారేసినారు మీరు. పట్టుబడినాడు అన్యావే, ఎవురు పట్టుకున్యారు?"

విశ్వేశ్వరయ్య తలెత్తాడు.

"మా మామ నాకు చెప్పినాడు, మా మామకు వాళ్ళ నాయన వాహిద్ సాయిబు చెప్పినాడు. విను. మూడేండ్లు వాన లేదంట. నాలుగో ఏడు పడింది. మొక్కు తీర్చాలని ఊరంతా కలిసి వెండి పీరు చేపిద్దామన్యారు. మెట్టెలు, కడియాలు, పిల్లోళ్ళ మొలతాళ్ళు, ఎవురికి చేతనయింది వాళ్ళు దోసిట్లో తెచ్చి పోసి పోయినారు. మీ పోతులూరయ్య కూలి వద్దన్యాడు. చావిట్లోనే కూచ్చోని ఇరవై ఒక్క దినం చేసినాడు. ఆఖరు దినం పని అయిపోయినాంక ఒళ్ళోగుడ్డ దులిపినాడు. రోజూ దులిపేదే గదా. పొడి ఊడ్చి, మూసలో కరిగించి, పూస చేసి మొలలో దోపుకున్యాడు. ఆ పొద్దు మజ్జాన్నం ఏటికి పోయి, స్నానానికి పంచె సడలించినాంక ఆ పూస కాలి మీద పడింది. అప్పుడు తెలిసిందంట ఆయప్పకు, ఎవురి పనిలో తరుగు తీసినానో అని."

సుధన్వ తాత చేతులకేసి చూశాడు. దులపడం ఆ చేతులకు ఎంత అలవాటో వాడికి తెలుసు. అన్నం తిని లేచినా ఒళ్ళో పంచె అట్లాగే దులుపుతాడు.

"చెయ్యి చేసిన పని అది," అంది చాంద్‌బీ. "మనసుకు తెలిసేలోపల చెయ్యి చేసేసింది. ఆపైన నలభై దినాలు ఆ పూస ఆయప్ప దగ్గరే ఉన్నింది. అన్నం దిగలేదంట, కొలిమి ఎలిగీలేదంట. ఎవురికీ తెలీదు విశ్వం. తూకం పెట్టి ఇచ్చినోళ్ళు లేరు, పెట్టి తీసుకున్నోళ్ళు లేరు. నోరు మూసుకోనుంటే ఈ పొద్దుకూ తెలిసేది కాదు. నలభైయొకటో దినం, చావిట్లో పది మంది కూచ్చోనుంటే, ఆయప్పంతట ఆయప్పే వచ్చి వాహిద్ సాయిబు ముందర ఆ పూస పెట్టినాడు."

"పట్టుబడలే?" విశ్వేశ్వరయ్య గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఎవురూ పట్టుకోలే."

"తనే వచ్చినాడా అక్కా?"

"తనే వచ్చినాడు. ఒంటరిగా రావచ్చు గదా, సాయిబుతో చాటుగా చెప్పుకోవచ్చు గదా. లేదు. పది మందిలో చెప్పినాడు. ఇంగ ఊరు ఊరుకుంటాదా? పీర్లదొంగ అన్యారు, నిజమే. పిల్లోళ్ళు ఎంటబడి అరిచినారు. పని ఇచ్చేవాళ్ళు లేరు. అంతలో పండగ వచ్చింది. వెండి పీరు మొట్టమొదట ఎత్తే దినం. ఎత్తాల్సింది ముజావరు. వాహిద్ సాయిబు ఎత్తలే. జనం ఎనకాల తల దించుకోని నిలబడిన మీ తాతను పిలిచి, ఈ పీరు ఆయప్ప చేతిలో పెట్టినాడు. 'దీన్ని చేసింది ఈ చెయ్యి. తప్పు చేసింది ఈ చెయ్యే. ఆ తప్పు తెచ్చి మన ముందర పెట్టింది కూడా ఈ చెయ్యే. ఇంతకంటే శుద్ధమైన చెయ్యి ఎవురికన్నా ఉంటే ముందుకు రాండి' అన్యాడంట."

"ఎవరు వచ్చినారు?" అడిగాడు సుధన్వ.

"ఎవురొస్తారు నాయనా? నువ్వయితే పోతావా?"

సుధన్వ తల అడ్డంగా ఊపాడు.

"ఆ దినం నుంచి ఊర్లో ఎవురన్నా 'పీర్ల' అని నోరు తెరిస్తే, మా వాహిద్ సాయిబు చెయ్యెత్తేవాడంట. 'ఆడికి చాలు' అనేవాడంట. పీర్ల పోతులూరయ్య. పీర్లకు సొంతమైన మనిషి. దాని ఎనకాల ఇంకో మాట లేదు. సంతలో, చావిట్లో, పెండ్లిండ్లలో, బతికినన్నాళ్ళూ ఆ చెయ్యి దించలే. నువ్వన్యట్టు ఆ రెండో మాట దానంతటది అరిగిపోలే విశ్వం. ఒక మనిషి కూచ్చోని అరగదీసినాడు. మీ నాయన బడికి పోయేసరికి పిల్లోళ్ళకు ఆ మాటే తెల్దు. అయివారు ఇంటిపేరు అడిగితే మీ నాయన పీర్ల అన్యాడు, ఆయన రాసుకున్యాడు."

"మరి మా నాయనకు ఇదంతా తెలీదా?" అడిగాడు విశ్వేశ్వరయ్య.

"మీ తాత చెప్పింటే గదా తెలిసేది. తప్పు చేసినోడు తప్పు చెప్పుకుంటాడు. తన మంచి తాను చెప్పుకుంటాడా? మంచి మేం దాచుకున్యాం, చెడ్డ మీరు దాచుకున్యారు. ఏటా వస్తావు, తోముతావు, పోతావు. ఒక్కనాడన్నా నోరు తెరిచి అడిగింటివా? మా ఇంట్లో నీళ్ళు తాగవని, మీ మడి అనుకుంటి నేను. యాభై ఏండ్లుగా మడి అనుకుంటి."

విశ్వేశ్వరయ్య ఏడ్చాడు. తుడుచుకుందామంటే చేతులకు కుంకుడు నురగ ఉంది. అందుకని అట్లాగే వదిలేశాడు. సుధన్వ తన చేతిరుమాలుతో ఆయన కళ్ళు తుడిచాడు. చిన్నప్పుడు తన ముక్కు తుడిచిన మనిషికి ఇట్లా తిరిగి చేయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. మనసంతా కరిగి నీరైపోయింది. ఆయన మీద మర్యాద పోవడం మాట అటుంచి, ఇంత మనిషిని ఒళ్ళో పెట్టుకుని సముదాయించాలనిపించింది.

"తస్లీమా," అన్నాడు ముసలాయన కాసేపటికి, "నీళ్ళు తేమ్మా."

తస్లీమా పరుగున వెళ్ళి తెచ్చింది. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆగకుండా మొత్తం తాగాడు. యాభై ఏళ్ళ దాహం కదా, ఒక గ్లాసుకు తీరలేదు. ఇంకోటి అడిగాడు. చాంద్‌బీకి కనబడకపోయినా గుటకల చప్పుడు వింటూ కూర్చుంది.

తర్వాత ఆమె పెట్టె అడుగున తడిమి, చిన్న మూట తీసి సుధన్వ చేతిలో పెట్టింది. విప్పితే చింతపిక్కంత వెండి పూస ఉంది. నల్లబడింది.

"దీన్ని కరిగించి పీరులో కలుపుదామన్యాడంట పోతులూరయ్య. వాహిద్ సాయిబు వద్దన్యాడు. 'ఇది నువ్వు తెచ్చి ఇచ్చినది. పీర్ల దగ్గరే ఉంటాది, ఇట్లనే ఉంటాది' అన్యాడు. ఊరు మునిగేటప్పుడు మంచాలు వదిలేసినాం, తలుపులు వదిలేసినాం. దీన్ని నా కొంగులో కట్టుకోని వచ్చినా."

సుధన్వ ఆ పూసను వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు. గెజెట్ కాగితాలు భుజాన వేలాడుతున్న బ్యాగులోనే ఉన్నాయి. ఒక మనిషి అడగకుండా ఒప్పుకున్నాడు. ఇంకో మనిషి ఆ ఒప్పుకోలును బతికినంత కాలం చెయ్యెత్తి కాపాడాడు. ఇద్దరు కలిసి కట్టిన పేరును తను స్టాంపు కాగితం మీద రెండు సంతకాలతో తీసేయబోయాడు. విజయవాడ పెద్దావిడ ఈసారి అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు వాడికి తెలుసు. తాళంచెవి ఇవ్వకపోతే పోనీ.

"అవ్వా, మేం ఆ పేరు..." అని మొదలుపెట్టి ఆగాడు. మార్చుకోవాలనుకున్నామని ఆమెకు ఎట్లా చెప్పడం?

ఆమె వినిపించుకోలేదు. "సరే గానీ, పత్రిక యాడ?"

"ఏం పత్రిక అవ్వా?"

"పెండ్లి పత్రిక. మీ ఇంట్లో మొదటి పత్రిక పీర్లకే గదా పెట్టేది. మీ తాతది ఉండాది, మీ నాయనది ఉండాది. తస్లీమా, చూపీ."

తస్లీమా పెట్టెలోంచి రెండు పాత పత్రికలు తీసింది. ఒకటి గులాబీ రంగుది, అంచులు చిరిగింది. రెండోదాని మీద పసుపు ఇంకా ఉంది. దానిమీద తొమ్మిదేళ్ళ కిందట పోయిన నాన్న పేరు. పీర్ల అనే ఇంటిపేరుతో, పెళ్లికొడుకుగా. సుధన్వ ఆ అక్షరాలను బొటనవేలితో నిమిరాడు.

"మాది ఇంకా అచ్చు కాలే అవ్వా. అచ్చయినాంక నేనే తెచ్చిస్తా."

"అబద్ధం చెప్పొద్దు నాయనా. మీ తాత సంచిలో నుంచి పసుపు వాసన వస్తాండాది, వచ్చినప్పటి నుంచి."

విశ్వేశ్వరయ్య సంచి మీద చెయ్యి వేశాడు.  సుధన్వ నెమ్మదిగా ఆ చేతిని తీసి, సంచిలో అడుగున ఉన్న కవరు బయటికి లాగాడు. నాలుగు మూలలా పసుపు రాసిన కొత్త పెళ్లిపత్రిక ఉంది అందులో. తాత ముందే ప్రెస్సుకు ఇచ్చేశాడు. మనవడు నిజం వింటే ఎట్లాగూ ఆ పేరు వదిలేస్తాడని, తనే ముందు వదిలేశాడు. అచ్చయినవాటిలో మొదటిది పీర్లకని తీసి ఉంచి తెచ్చాడు గానీ, పెట్టడానికి చెయ్యి రాలేదు.

వరుడి పేరు ముందు 'స్వర్ణ' అని ఉంది. అది వాడు అడిగిందే. కింద పెద్దల పేర్లున్నచోట చూశాడు. 'స్వర్ణ విశ్వేశ్వరయ్య' అని ఉంది. మనవడు ఒక్కడే పేరు మార్చుకుంటే నలుగురూ అడుగుతారని, ముసలాయన తన పేరు ముందు నుంచి కూడా పీర్లను తీసేసుకున్నాడు. సుధన్వ ఆ మాట ఎప్పుడూ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా లేదు.

"ఇదేంది తాతా?" అన్నాడు, పెదాలు కదిలీ కదలకుండా.

"నీకు తలనొప్పి లేకుండా ఉంటాదని," అన్నాడు తాత, అంతే మెల్లగా.

"తస్లీమా, చదువమ్మా," అంది చాంద్‌బీ. "పీర్ల ముందర పెట్టే పత్రిక గట్టిగా చదవాల. నేనూ వినాల."

తస్లీమా అప్పటికే వాడి భుజం మీదుగా పత్రికను చూసింది. చూసి, వాడి మొహం చూసింది. చెయ్యి చాపలేదు.

"నేను చదువుతా అవ్వా," అన్నాడు సుధన్వ.

పీరు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. కళ్ళు పత్రిక మీదే ఉన్నాయి గానీ, వాడు చదివింది అక్కడ ఉన్నది కాదు.

"పీర్ల విశ్వేశ్వరయ్య, సరస్వతి దంపతుల మనుమడు, చిరంజీవి పీర్ల సుధన్వకు..."

తాత కళ్ళు మూసుకున్నాడు. చాంద్‌బీ ప్రతి పేరుకూ తల ఊపింది. చదవడం పూర్తయ్యాక చేతులు చాపి పత్రిక తీసుకుని, కళ్ళకద్దుకుని, పూసతో పాటు ఆకుపచ్చ గుడ్డలో కట్టేసింది.

"బాగుండాది. ఇది ఈడనే ఉంటాది నాయనా. పదో దినం నిప్పుల గుండం ముందర, పీర్లు ఎత్తే ముందర, మా అమీర్ బాషా దీన్ని ఊరందరికీ చదివి వినిపిస్తాడు. మునిగిపోయిన ఊరు మళ్ళీ ఒక్కచోట కూడేది ఆ ఒక్క దినమే. మీ నాయనదీ అట్లనే చదివినారు."

సుధన్వ, తస్లీమా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెలవంకకు మూడు రోజులు, ఆపైన పది రోజులు. పెళ్లికి ముందే వస్తుంది ఆ రోజు. ఈ లోపల కొత్త పత్రికలు వేయించి, దీన్ని మార్చేస్తే సరి. పాతవి ఎవరి చేతికీ వెళ్ళక ముందే ప్రెస్సు నుంచి వెనక్కి తెప్పించాలి.

"తాతా," అన్నాడు చెవి దగ్గర వంగి, "మిగతావి యాడుండాయి? ప్రెస్సులోనే గదా?"

విశ్వేశ్వరయ్య పీరును నూలుగుడ్డతో తుడుస్తున్నాడు. తుడవడం ఆపలేదు.

"నిన్ననే పంచేసినా నాయనా. పులివెందుల్లో పెండ్లికూతురోళ్ళయితే, పేరు అచ్చం మనం కోరుకున్నట్టే ఉండాదని శానా సంతోషపడినారు."